ఆఫీసు ప్రయాణాల కార్బన్ లెక్క – 3వ పాఠం: ఖాళీ క్యాబ్ ఎటు తిరుగుతోందో పట్టుకుందాం

ముందు పోయిన రెండు పాఠాలు ఒకసారి గుర్తు చేసుకుందాం, మధ్యలో చేరినవాళ్ళకి కూడా పనికొస్తుంది. మొదటి పాఠంలో ఏ ప్రయాణం పొగ స్కోప్ అనే మూడు ఖాతాల్లో దేనిలోకి వెళ్తుందో విడదీశాం కదా. కంపెనీ సొంత బస్సు తాగిన డీజిల్ స్కోప్ 1, ఆఫీసులో కాల్చిన కరెంటు స్కోప్ 2, ఇక మన స్టాఫ్ ఇంటి నుంచి వచ్చి పోయే ప్రయాణాలు, క్లయింట్ దగ్గరికి ఎక్కే విమానాలు స్కోప్ 3. కంపెనీల పొగ లెక్కకి చాలా దేశాల్లో వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2011లో ఇచ్చిన స్కోప్ 3 పద్ధతిలో 15 కేటగిరీలు ఉన్నాయి, అందులో 6వది బిజినెస్ ట్రావెల్, 7వది ఉద్యోగుల రాకపోకలు. వెండర్, అంటే మనకి బండ్లు పెట్టే ట్రావెల్స్ వాళ్ళు, నడిపే క్యాబులు మనవి కావు కాబట్టి 7లోకే వస్తాయి. రెండో పాఠంలో సర్వే చేశాం, "మీరు ఆఫీసుకి ఎలా వస్తారు" అని అడగొద్దు, "పోయిన వారం సోమవారం ఎలా వచ్చారు, మంగళవారం ఎలా వచ్చారు" అని రోజు రోజుకీ అడగండి అని చెప్పాను. ఎందుకంటే మొదటి ప్రశ్నకి అందరూ తాము ఎలా రావాలనుకుంటున్నారో అది రాస్తారు, రెండో ప్రశ్నకే నిజంగా ఎలా వచ్చారో అది రాస్తారు.

ఇవాళ్టి పాఠం క్యాబుల గురించి. షిఫ్టులు నడిచే ఏ ఆఫీసులో అయినా, అంటే గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఉన్న ఆఫీసుల్లాంటివి అనుకోండి, తగ్గించడానికి మన చేతిలో నిజంగా ఉన్నది ఇదే. ఉద్యోగి సొంత బండి మీద వస్తే మనం బతిమాలగలం, అంతకంటే ఏం చేయలేం, కానీ క్యాబ్ రోస్టర్, అంటే ఏ బండిలో ఎవరు ఎప్పుడు ఎక్కాలో చెప్పే పట్టిక, వేసేది మన ట్రాన్స్‌పోర్ట్ డెస్కే, రూటు గీసేదీ మనమే, బిల్లు కట్టేదీ మనమే. అందుకే ఈ ఒక్క పాఠం మాత్రం పేపరు పెన్ను పెట్టుకుని చదవమంటున్నాను.

మూడు అంకెలు గుర్తుంటే చాలు

డీజిల్ ఒక లీటరు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. పెట్రోల్ ఒక లీటరుకి సుమారు 2.3 కిలోలు. గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలో, ఇది సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ఇచ్చే లెక్క నుంచి, కొంచెం అటూ ఇటూ మారుతుంటుంది, మీరు రిపోర్ట్ రాసేటప్పుడు ఆ ఏడాది అంకె తీసుకోండి.

ఇక్కడ చాలామంది ఒక డౌట్ అడుగుతారు, న్యాయమైన డౌటే, లీటరు డీజిల్ బరువే కిలో ఉండదు కదా దాన్నుంచి 2.7 కిలోలు ఎలా వస్తుంది అని. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు, అందులో 86 శాతం దాకా కార్బనే అంటే ఏడొందల పైచిలుకు గ్రాములు. అది కాలేటప్పుడు గాల్లో ఆక్సిజన్‌ని తీసుకుంటుంది, 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాములు అవుతుంది. అంటే కార్బన్ బరువుని 44తో గుణించి 12తో భాగిస్తే మన అంకెకి దగ్గరగా వచ్చేస్తుంది. మిగిలిన బరువు గాలిదన్నమాట. ఇది ఒకసారి చేత్తో చేసి చూసుకుంటే మీటింగులో ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పగలుగుతారు.

డెడ్ మైలేజ్ అంటే ఏంటో నాకు ఒక డ్రైవర్ అన్న చెప్పింది

నేను అడ్మిన్‌లో పనిచేసిన మొదటి ఆఫీసులో ఏడాది పాటు ట్రిప్ షీట్లు చూసి లెక్క వేశాను, ట్రిప్ షీటులో 22 కిలోమీటర్లు అని ఉంటే 22కే వేశాను, అంతా బాగానే ఉందనుకున్నాను. ఒకరోజు రాత్రి ఆలస్యమై పదిన్నరకి షిఫ్టు ముగించినవాళ్ళని ఇళ్ళకి దింపే లాగౌట్ క్యాబులో నేను కూడా ఎక్కాల్సి వచ్చింది. కొండాపూర్‌లో ఒకమ్మాయి దిగింది, మియాపూర్‌లో ఒకబ్బాయి, చివరికి ప్రగతినగర్‌లో నేను. దిగేటప్పుడు ఊరికే అడిగాను, "అన్నా, ఇప్పుడు ఇంటికేనా" అని. ఆయన, "ఏడ ఇంటికి మేడం, పన్నెండున్నర డ్రాప్ ఉన్నది కదా, మళ్ల గచ్చిబౌలికే పోవాలె, ఖాళీగనే" అన్నాడు. ముందు సీట్లో ఎస్కార్ట్ గార్డు అప్పటికే తల వాల్చి నిద్రపోతున్నాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోతుంటే దాని వెనక ఎర్ర లైట్లు చూస్తూ నిలబడ్డాను, ఏడాది పాటు నేను రాసిన షీటులో ఈ తిరుగు ప్రయాణం లేదు అని అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున్నే వెండర్‌కి ఫోన్ చేసి ఓడోమీటర్ రీడింగులు అడిగాను.

ఆ ఖాళీగా తిరిగే దూరాన్నే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు డెడ్ మైలేజ్ అంటారు. ట్రిప్ షీటులో ఎందుకు ఉండదంటే చాలా కాంట్రాక్టులు ట్రిప్పుకి ఇంత అని ఉంటాయి, ఖాళీ కిలోమీటర్లకి మనం విడిగా డబ్బులు కట్టం కాబట్టి ఎవరూ రాయరు. డబ్బులు కట్టకపోయినా డీజిల్ కాలింది కదా, పొగ వచ్చింది కదా, అది ఎవరి ఖాతాలో వేద్దాం మరి. మన మనుషుల కోసమే ఆ బండి తిరిగింది, కాబట్టి మన ఖాతాలోనే వేయాలి. నా అభిప్రాయం ఇందులో చాలా గట్టిగా ఉంటుంది, డెడ్ మైలేజ్ లేని క్యాబ్ లెక్క తప్పు లెక్క.

ఇప్పుడు లెక్క వేద్దాం

పైన చెప్పిన రూటునే ఉదాహరణగా తీసుకుందాం. మనుషులున్న దూరం 22 కిలోమీటర్లు, తిరిగి ఖాళీగా 20 కిలోమీటర్లు, మొత్తం 42. డీజిల్ డిజైర్, సిటీ ట్రాఫిక్‌లో ఏసీతో లీటరుకి 15 వస్తుందనుకుందాం. కంపెనీ బ్రోచర్‌లో రాసిన మైలేజ్ తీసుకోకండి, వెండర్ దగ్గర బంకు స్లిప్పులు అడగండి, నెలలో పోయించిన లీటర్లని నెలలో తిరిగిన కిలోమీటర్లతో సరిచూస్తే అసలు మైలేజ్ బయటపడుతుంది.

42ని 15తో భాగిస్తే 2.8 లీటర్లు. 2.7తో గుణిస్తే సుమారు 7.6 కిలోలు. ఎక్కింది ముగ్గురు, అంటే మనిషికి 2.5 కిలోలు. అదే నేను ముందు చేసినట్టు 22 కిలోమీటర్లకే వేస్తే మనిషికి 1.3 వచ్చేది. సగానికి సగం తేడా. ఖాళీ దూరం మొత్తంలో ఎంత శాతం అని కూడా రాసుకోండి, ఇక్కడ 42లో 20 అంటే 48 శాతం. ఈ శాతమే ఇవాళ మీరు నేర్చుకోవాల్సిన అసలు అంకె, మీ ఆఫీసు మొత్తానికి ఒకటి, రూటు రూటుకీ ఒకటి.

ఇప్పుడు పోల్చి చూడాల్సింది ఇంకోటి ఉంది. ఆ ముగ్గురిలో ఒకరి ఇల్లు 18 కిలోమీటర్లు అనుకుందాం, సొంత బైక్ మీద వెళ్తే, లీటరుకి 45 ఇస్తే, 0.4 లీటరు పెట్రోల్, 0.9 కిలో. ఒక్కడే కారులో వెళ్తే, లీటరుకి 12 ఇస్తే, లీటరున్నర, దాదాపు మూడున్నర కిలోలు. అంటే ముగ్గురు కలిసి ఎక్కిన షేరింగ్ క్యాబ్, ఖాళీగా తిరిగొచ్చిందంటే, మనిషికి వచ్చే పొగ ఒంటరి బైక్‌కి రెండున్నర రెట్ల పైమాటే. నేను మొదటిసారి ఈ అంకె చూసినప్పుడు లెక్క తప్పేమో అని మూడుసార్లు వేశాను. షేరింగ్ అనే మాట వినగానే తక్కువే అనుకుంటాం మనం, సీటు నిండిందా లేదా, బండి తిరిగి ఎలా వచ్చింది, ఇవి చూడకుండా షేరింగ్ అనే పేరుకి అర్థం లేదు.

అలాగని రాత్రి పదిన్నరకి జనాన్ని బైకుల మీద పొమ్మని చెప్పమనడం లేదు నేను, దయచేసి అలా అర్థం చేసుకోకండి.

దీన్ని తగ్గించేది ఎలా

మొదటి మందు, బ్యాక్ టు బ్యాక్ రోస్టర్. మీ ఆఫీసులో రాత్రి పన్నెండుకి లాగిన్, అంటే షిఫ్టు మొదలయ్యేది, కూడా ఉందనుకోండి, అదే ప్రగతినగర్, నిజాంపేట, మియాపూర్ వైపు నుంచి రావాల్సిన వాళ్ళు ముగ్గురు ఉన్నారనుకోండి. మామూలుగా ఏం జరుగుతుందంటే వాళ్ళ కోసం ఇంకో క్యాబ్ గచ్చిబౌలి నుంచి ఖాళీగా వెళ్ళి ఎక్కించుకుని వస్తుంది. లాగౌట్ రోస్టర్ ఒకరు వేస్తారు, లాగిన్ రోస్టర్ ఇంకొకరు వేస్తారు, రెండూ వేరే వేరే ఎక్సెల్ షీట్లలో ఉంటాయి, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. పక్కపక్కన పెట్టండి. డ్రాప్ చివరి పాయింటు, తర్వాతి పికప్ మొదటి పాయింటు ఒకే వైపు ఉంటే, మధ్యలో గ్యాప్ ఇరవై నుంచి నలభై నిమిషాలు ఉంటే, ఆ రెండు ట్రిప్పులూ ఒకే బండికి కట్టేయండి. ఇప్పుడు మొత్తం దూరం 44 కిలోమీటర్లు అనుకుందాం, సుమారు 7.9 కిలోలు, ఎక్కింది ఆరుగురు, మనిషికి 1.3. కొత్త బండి కొనలేదు, ఒక్క రూపాయి పెట్టలేదు, ఇంకో బండి తిరగడం కూడా ఆగిపోయింది.

ఎస్కార్ట్ విషయం ఇక్కడే చెప్పాలి. ఆడవాళ్ళు ఉన్న రాత్రి ట్రిప్పులో గార్డు ముందు సీట్లో కూర్చుంటాడు కాబట్టి నాలుగు సీట్ల క్యాబులో ముగ్గురికే చోటు, ఆ గార్డు మళ్ళీ ఆఫీసుకి రావాలి కాబట్టి బండి ఎలాగూ వెనక్కి రావాల్సిందే. బ్యాక్ టు బ్యాక్ ఇందుకే బాగా కలిసొస్తుంది, గార్డు అదే బండిలో పికప్ ట్రిప్పుకి కూడా ఎస్కార్ట్‌గా పనికొస్తాడు. కానీ సీటు కలిసొస్తుందని గార్డుని తీసేయడం, దూరం తగ్గుతుందని ఆడపిల్లని చివరి డ్రాప్‌గా ఒంటరిగా వదలడం, మెయిన్ రోడ్డు మీద దింపి లోపలికి నడిచి పొమ్మనడం, ఇవి కార్బన్ పేరుతో ఎవరూ చేయకూడదు. అలాంటి సలహా ఎవరైనా ఇస్తే మీటింగులోనే వద్దని చెప్పండి, గట్టిగానే చెప్పండి. ఈ పాఠాల్లో ఎక్కడా ఒక మనిషి భద్రతని తగ్గించి తెచ్చిన కిలోని మనం తగ్గింపుగా రాయం.

రెండోది పెద్ద బండి. 12 సీట్ల టెంపో ట్రావెలర్ లీటరుకి పది ఇస్తే, నిండుగా నడిస్తే మనిషికి కిలో లోపే వస్తుంది. అయితే నిండాలంటే ఎక్కువ స్టాపులు పెట్టాలి, చివరి స్టాపు మనిషి గంటన్నర బండిలో కూర్చోవాలి, రెండు నెలల్లో వాళ్ళు సొంత కారు తీస్తారు, మనం మొదటికి వస్తాం. అందుకే మొత్తం ప్రయాణం గంటంపావు దాటని రూట్లకే పెద్ద బండి వేయమంటాను, అది నా అనుభవంలో తేలిన హద్దు, మీ ఊరి ట్రాఫిక్‌ని బట్టి మీరు మార్చుకోండి.

మూడోది ఎలక్ట్రిక్ క్యాబులు. మేనేజ్‌మెంట్‌కి ఇదే ముందు గుర్తొస్తుంది ఎందుకంటే ఫోటో తీసి పెట్టుకోవచ్చు. మంచిదే, వద్దనను, కానీ లెక్క చూడండి. యూనిట్‌కి 7 కిలోమీటర్లు నడిస్తే 42 కిలోమీటర్లకి 6 యూనిట్లు, చార్జింగ్‌లో పోయేది పది శాతం కలిపితే 6.6, దాన్ని 0.7తో గుణిస్తే 4.6 కిలోలు, ముగ్గురికి పంచితే మనిషికి 1.5. అంటే ఖాళీగా తిరిగే ఎలక్ట్రిక్ క్యాబ్ కన్నా బ్యాక్ టు బ్యాక్ తిరిగే డీజిల్ క్యాబే మనిషికి తక్కువ! రెండూ కలిపితే, అంటే 44 కిలోమీటర్లు, ఆరుగురు, ఎలక్ట్రిక్, అప్పుడు మనిషికి 0.8కి దిగుతుంది. కాబట్టి వరస ఇది, ముందు రోస్టర్ సరిచేయండి, తర్వాత బండి మార్చండి. రోస్టర్ సరిచేశాక అసలు ఎన్ని బండ్లు కావాలో కూడా తగ్గుతుంది, ఎలక్ట్రిక్ కాంట్రాక్టు కూడా చిన్నదవుతుంది.

నో షోలు, అంటే క్యాబ్ బుక్ చేసి ఎక్కనివాళ్ళు, వెయిటింగ్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఏసీ వేసుకుని ఇంజన్ ఆన్‌లో పెట్టి గేటు బయట నిలబడ్డ కారు గంటకి ముప్పావు నుంచి లీటరు దాకా తాగుతుంది. క్యాన్సిల్ చేయడానికి రెండు గంటల ముందు దాకా టైమ్ ఇచ్చి, మెసేజ్‌లో ఒక్క అంకె నొక్కితే క్యాన్సిల్ అయ్యేలా పెడితే నో షోలు చాలా తగ్గుతాయి. డ్రైవర్లకి కూర్చోడానికి ఫ్యాను, మంచినీళ్ళు ఉన్న గది ఒకటి ఇస్తే ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టుకునే అవసరమే ఉండదు. ఎండాకాలంలో బయట బండిలో కూర్చున్న మనిషిని ఇంజన్ ఆపమని చెప్పడానికి ముందు మనం ఆ గది ఇవ్వాలి కదా.

మెట్రో దిగాక ఏంటి

పగటి షిఫ్టుకి క్యాబుల కంటే మెట్రో దగ్గరే తగ్గించగలిగేది ఎక్కువ ఉంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది, నాగోల్ నుంచి వచ్చే బ్లూ లైన్ 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు ఉన్నవాళ్ళకి అక్కడి నుంచి ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు. ఉప్పల్ నుంచి అంతదూరం హాయిగా వచ్చిన మనిషి ఈ చివరి ఏడు కిలోమీటర్ల కోసం మర్నాటి నుంచి ఇంటి దగ్గర నుంచే సొంత బండి మీద వచ్చేస్తాడు.

మేం ఒకసారి దీనికి షటిల్ పెట్టాం. 26 సీట్ల మినీ బస్సు, అరగంటకొకటి, తొమ్మిదికి, తొమ్మిదిన్నరకి అలా. మొదటి నెల చూస్తే ట్రిప్పుకి నలుగురు. ఏం జరుగుతోందో చూద్దామని ఒక వానపొద్దున స్టేషన్ కింద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మెట్రో నాలుగైదు నిమిషాలకొకటి వస్తోంది, జనం గుంపులుగా దిగుతున్నారు, తొమ్మిదీ అయిదుకి దిగిన అమ్మాయి ఐడీ కార్డు మెడలో ఉంది మా ఆఫీసుదే, మా బస్సు నిలబడాల్సిన చోటు వైపు చూసింది, ఖాళీ, ఫోన్ తీసి ఆటో బుక్ చేసుకుంది. ఇరవై అయిదు నిమిషాలు వానలో ఎవరు నిలబడతారు చెప్పండి. పైగా బస్సు ఆగేది రోడ్డుకి అటువైపు.

ఆ బస్సు తీసేసి రెండు టెంపో ట్రావెలర్లు పెట్టాం, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా వాటినే తిప్పుతూ పదిహేను నిమిషాలకి మించి ఎవరూ ఆగకుండా చూశాం, స్టేషన్ మెట్లు దిగగానే ఎక్కేలా స్టాపు మార్చాం. తర్వాత లెక్క ఇలా వచ్చింది. ముందు మినీ బస్సు రానూపోనూ 14 కిలోమీటర్లకి లీటరుకి 7 చొప్పున రెండు లీటర్లు, 5.4 కిలోలు, నలుగురికి మనిషికి 1.35. తర్వాత ట్రావెలర్ అదే 14కి 1.4 లీటర్లు, 3.8 కిలోలు, సగటున తొమ్మిది మంది, మనిషికి 0.4. ట్రిప్పుకి ఎక్కే జనం పెరగడానికి మేం పోస్టర్లు వేయలేదు, మెయిళ్ళు పెట్టలేదు, స్టాపు మార్చాం, టైమ్ మార్చాం.

ఇంకో మాట, బాస్‌లు అడిగే ప్రశ్న కాబట్టి చెప్తున్నా, ఇదంతా కంపల్సరీనా అని. లిస్టయిన మొదటి 1000 కంపెనీలకి స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరత మీద ఇచ్చే రిపోర్ట్, తప్పనిసరి చేసింది, అందులో స్కోప్ 3 ఇచ్చేది స్వచ్ఛందం కిందే ఉంది. కానీ విదేశీ క్లయింట్లు తమ స్కోప్ 3 కోసం మనల్ని అడుగుతారు, అప్పటికప్పుడు ఏడాది ట్రిప్ షీట్లు ఎక్కడి నుంచి తెస్తాం, డెడ్ కిలోమీటర్లయితే అసలే దొరకవు. ఇవాళ నుంచే రాయడం మొదలుపెట్టండి.

ఈ వారం హోంవర్క్

మీ వెండర్ దగ్గర ఒక్క వారం ఓడోమీటర్ రీడింగులు తీసుకోండి, జీపీఎస్ ఉంటే ఇంకా మంచిది. ఒక షీటులో రూటు పేరు, మనుషులున్న కిలోమీటర్లు, ఖాళీ కిలోమీటర్లు, ఎక్కినవాళ్ళ సంఖ్య, మైలేజ్ రాయండి. డ్రైవర్ ఇంటి నుంచి మొదటి పికప్ దాకా వచ్చిన దూరం కూడా ఖాళీలోనే వేయండి, ట్రావెల్స్ వాళ్ళు గ్యారేజ్ టు గ్యారేజ్ అనేది అందుకే. రూటు రూటుకీ ఖాళీ శాతం, మనిషికి ఎన్ని కిలోలు, ఈ రెండూ తీయండి. ఖాళీ శాతం ఎక్కువున్న అయిదు రూట్లని విడిగా రాసి, వాటి డ్రాప్ చివరి పాయింట్లకి దగ్గరలో తర్వాతి షిఫ్టు పికప్‌లు ఏమున్నాయో లాగిన్ రోస్టర్ తెరిచి వెతకండి. ఒక్క జత దొరికినా చాలు, దాన్ని పై వారం నడిపి చూడండి, డ్రైవర్‌ని మాత్రం ముందే అడగండి, ఆయన భోజనం టైమ్ అందులో పోకూడదు.

4వ పాఠంలో విమానాలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రానూపోనూ ఎకానమీలో ఒక మనిషికి రెండొందల కిలోలకి అటూ ఇటూ వస్తుంది, లెక్క వేసే పద్ధతిని బట్టి మారుతుంది, ఆ పద్ధతులే చూస్తాం. కాచిగూడ నుంచి యశ్వంతపూర్ వందే భారత్‌లో వెళ్తే ఎంత, ఎలాంటి మీటింగుకి వెళ్ళొచ్చు ఎలాంటిదానికి కుదరదు అన్నది కూడా అందులోనే. మీ ఆఫీసు ట్రావెల్ డెస్క్ నుంచి పోయిన మూడు నెలల టికెట్ల లిస్టు తెచ్చి పెట్టుకోండి, పేర్లు తీసేసి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ క్లాసు, ఎన్ని గంటల మీటింగు కోసం అన్న మూడు కాలమ్స్ ఉంచండి.